ఎఫ్5 నొక్కితే కంప్యూటర్ వేగం పెరగదు

"కొత్త కంప్యూటర్ కొనే ముందు ఇది చదవండి" అంటూ ఓ మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. విండోస్‌లో కంపెనీ దాచిపెట్టిన సెట్టింగులు కొన్ని ఉన్నాయట, వాటిని మారిస్తే పాత కంప్యూటర్ రెట్టింపు వేగంతో నడుస్తుందట. అందులోని సలహాలు కొన్ని 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చిన నాటి నుంచీ చేతులు మారుతున్నవే. చాలావాటివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. కొన్ని మాత్రం ఉన్న వేగాన్ని కూడా తగ్గిస్తాయి. మెసేజ్‌లో ఉన్న వరసలోనే చూద్దాం.

"గంటకోసారి డెస్క్‌టాప్ మీద ఎఫ్5 కొట్టండి, ర్యామ్ ఫ్రెష్ అవుతుంది." అవదు. డెస్క్‌టాప్ మీది ఐకాన్లను విండోస్ మళ్లీ గీస్తుంది, అంతే. కొత్తగా కాపీ చేసిన ఫైలు కనబడకపోతే పనికొస్తుంది. ర్యామ్‌కూ దానికీ సంబంధం లేదు.

"ప్రీఫెచ్ ఫోల్డర్‌లో చెత్త పేరుకుపోతుంది, వారానికోసారి ఖాళీ చేయండి." అది చెత్త కాదు. ఏ ప్రోగ్రామ్ తెరిచినప్పుడు ఏయే ఫైళ్లు అవసరమయ్యాయో విండోస్ అక్కడ రాసిపెట్టుకుంటుంది, మళ్లీ తెరిచేటప్పుడు వాటిని ముందే చదివేస్తుంది. ఆ ఫోల్డర్ హద్దు లేకుండా పెరగదు కూడా: విండోస్ 8 నుంచి 1,024 ఎంట్రీలకు మించనివ్వదు, పాతవాటిని తనే తీసేస్తుంది. మీరు తుడిచేస్తే ప్రోగ్రామ్‌లు తర్వాతిసారి ఇంకాస్త నెమ్మదిగా తెరుచుకుంటాయి. ప్రోగ్రామ్‌ల తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ సంగతి వేరు. దాన్ని ఖాళీ చేసుకోవచ్చు, డిస్కులో చోటు మిగులుతుంది. డిస్కు నిండిపోయే స్థితిలో ఉంటే తప్ప దానివల్ల వేగంలో తేడా కనిపించదు.

తర్వాతిది నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది. "విండోస్ మామూలుగా ఒక్క కోర్‌నే వాడుతుంది. ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్లి, నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్ దగ్గర ఉన్నవాటిలో పెద్ద అంకె పెట్టండి." కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా పనిచేయగల భాగం, ఎంఎస్‌కాన్ఫిగ్ అంటే విండోస్ ఎలా మొదలవ్వాలో మార్చే టూల్. ఈ అపోహ ఎందుకు పుట్టిందో ఊహించడం కష్టం కాదు. ఆ బాక్సులో టిక్ లేనప్పుడు పక్కన మసకగా 1 కనిపిస్తుంది. చూసినవాళ్లు ఒక్క కోరే నడుస్తోందనుకుంటారు. నిజానికి టిక్ లేదంటే హద్దు లేదని. ఎన్ని కోర్లుంటే అన్నింటినీ విండోస్ వాడుకుంటుంది. నమ్మకం కుదరకపోతే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్‌కు వెళ్లి, సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లుగా మార్చి చూడండి. అన్నీ వేటికవి కదులుతూనే ఉంటాయి.

ఆ ఆప్షన్ పెట్టింది ప్రోగ్రామ్‌లు, డ్రైవర్లు రాసేవాళ్ల కోసం. తక్కువ కోర్లున్న మెషీన్ మీద తమ ప్రోగ్రామ్ ఎలా నడుస్తుందో పరీక్షించుకోవడానికి కోర్లను తగ్గించే సాధనం అది. పెద్ద అంకె పెడితే ఒరిగేదేమీ లేదు. పొరపాటున చిన్న అంకె పడితే మాత్రం మిగతా కోర్లు పనిచేయడం మానేస్తాయి.

దాని పక్కనే ఉండే మాగ్జిమమ్ మెమరీ టిక్ ఇంకా ప్రమాదం. ఎన్ని మెగాబైట్లు వాడాలో కాదు, ఏ అడ్రస్ దాటితే వాడకూడదో చెప్పే హద్దు అది. ర్యామ్‌లో కొంత భాగాన్ని మదర్‌బోర్డు 4 జీబీ దాటిన అడ్రస్‌లకు మళ్లిస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో 4096 అని పెట్టారంటే, పైకి వెళ్లిన ఆ భాగం మొత్తం చేతికి రాకుండా పోతుంది. టాస్క్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ (విండోస్‌కు దక్కని ర్యామ్) దగ్గర వందల మెగాబైట్లు కనిపిస్తుంటే ఈ టిక్‌ను కూడా అనుమానించాలి. కొత్త ర్యామ్ స్టిక్ వేసినా లెక్కలోకి రావడం లేదని వాపోయేవాళ్లు కూడా ఓసారి ఇక్కడ చూసుకోవాలి.

"రోజూ డీఫ్రాగ్ చేయండి." హార్డ్ డిస్కు అయితే ఈ మాటలో కొంత అర్థముంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం ఒక చుట్టుకు దాదాపు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఒకే ఫైలు ముక్కలు నాలుగు చోట్ల ఉంటే డేటా చదివే హెడ్ నాలుగు చోట్లకూ జరగాలి, ప్రతిచోటా ఆ ముక్క తన కిందికి వచ్చేదాకా ఆగాలి. ఆ ముక్కల్ని పక్కపక్కన పేర్చడమే డీఫ్రాగ్. అయితే విండోస్ విస్టా నుంచి విండోస్ దీన్ని వారానికోసారి తనంతట తనే చేసుకుంటోంది. రోజూ కూర్చుని మనం చేయాల్సింది ఏమీ లేదు.

చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, జరిగే హెడ్ లేదు. పైగా విండోస్‌కు పక్కపక్కన కనిపించే ముక్కల్ని ఎస్‌ఎస్‌డీని నడిపే కంట్రోలర్ చిప్ లోపల ఎక్కడెక్కడ పెట్టిందో విండోస్‌కే తెలియదు. కాబట్టి పేర్చడంవల్ల వేగం రాదు, రాతలు మాత్రం పెరుగుతాయి. ఫ్లాష్ సెల్స్ ఇన్నిసార్లే రాయించుకుంటాయి గనుక అది వృథా ఖర్చు. విండోస్ 8 నుంచి ఆప్టిమైజ్ డ్రైవ్స్ అనే టూల్ డ్రైవ్ రకాన్ని గుర్తించి ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ (ఏ డేటా ఇక అక్కర్లేదో చెప్పే సూచన) పంపుతుంది. అదొక్కటీ షెడ్యూల్‌లో ఉంచి వదిలేయండి. ఒక్కసారి డీఫ్రాగ్ చేస్తే ఎస్‌ఎస్‌డీ చచ్చిపోతుందని ఇంకో మెసేజ్ భయపెడుతోంది, అదీ అతిశయోక్తే.

"రిజిస్ట్రీ క్లీనర్ వేయండి, వేల తప్పులు చూపిస్తుంది." చూపిస్తుంది నిజమే, చూపించకపోతే డబ్బిచ్చి ఎవరు కొంటారు? విండోస్, ప్రోగ్రామ్‌ల సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలో లక్షల ఎంట్రీలుంటాయి, అందులో కొన్ని వందలు తీసేసి వేగం సాధించడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. అవసరమైన ఎంట్రీ ఒక్కటి పోతే ఏదో ప్రోగ్రామ్ తెరుచుకోదు, కారణం కూడా అంతుపట్టదు. ఇలాంటి క్లీనర్లను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ చెప్పింది. పేరున్నది వాడితే భయం లేదనుకోవడానికీ లేదు: 2017లో హ్యాకర్లు సీక్లీనర్ 5.33 వెర్షన్‌లో మాల్‌వేర్ చొప్పించారు, అది కంపెనీ అధికారిక డౌన్‌లోడ్ ద్వారానే దాదాపు 22.7 లక్షల మంది యూజర్లకు చేరింది. ర్యామ్ క్లీనర్లదీ ఇదే తంతు. ర్యామ్‌లో సిద్ధంగా ఉన్నదాన్ని బయటికి తోసేస్తే కాసేపటికి విండోస్ మళ్లీ డిస్కు నుంచి తెచ్చుకోవాలి.

"మైక్రోసాఫ్ట్ మీ ఇంటర్నెట్‌లో 20 శాతం దోచుకుంటోంది." ఎక్స్‌పీ కాలం నాటి ముచ్చట. ఏదైనా ప్రోగ్రామ్ తనకంటూ ప్రాధాన్యం అడిగితే గరిష్ఠంగా ఎంత కేటాయించవచ్చో చెప్పే అంకె ఆ 20. ఎవరూ అడగనప్పుడు నూటికి నూరు శాతం అందరికీ అందుబాటులోనే ఉంటుంది. తమాషా ఏమిటంటే, ఆ అంకెను మార్చడానికి మెసేజ్ తెరవమన్న గ్రూప్ పాలసీ ఎడిటర్ అనే టూల్ విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఉండనే ఉండదు.

"పెన్‌డ్రైవ్‌ను ర్యామ్‌గా మార్చుకోండి." దీని పేరు రెడీబూస్ట్, 2007లో విస్టాతో వచ్చింది. పెన్‌డ్రైవ్ ర్యామ్ అవదు, డిస్కులో ఉన్న డేటాకు ఒక నకలు అక్కడ ఉంటుంది. 512 ఎంబీ ర్యామ్, నెమ్మది హార్డ్ డిస్కు ఉన్న రోజుల్లో కాస్త ఉపయోగపడింది. యూఎస్‌బీ 2.0 కాగితం మీద కూడా సెకనుకు 60 ఎంబీ దాటదు. డీడీఆర్4-3200 స్టిక్ ఒక్కటే సెకనుకు 25.6 జీబీ ఇస్తుంది. నాలుగు వందల రెట్ల పైచిలుకు తేడా అది. మీ విండోస్ ఎస్‌ఎస్‌డీ మీద ఉంటే ఈ కంప్యూటర్‌కు రెడీబూస్ట్ అక్కర్లేదని అదే చెప్పేస్తుంది.

"రోజూ షట్‌డౌన్ చేసి ఆన్ చేయండి." ఇది సగం నిజం. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ మూల భాగమైన కెర్నల్ పూర్తిగా ఆగదు, దాని స్థితిని డిస్కులో దాచి పొద్దున మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. రోజూ ఆపుతున్నా టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ రోజుల తరబడి కనిపించేది అందుకే. మొరాయిస్తున్న మెషీన్‌కు కావాల్సింది రీస్టార్ట్. టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో అక్కర్లేని ప్రోగ్రామ్‌లు ఆపేయమన్న మాట ఒక్కటే ఈ మెసేజ్‌లో పూర్తిగా ఒప్పుకోదగ్గది. విచిత్రంగా అది చిట్టచివర ఉంది.

ఇవన్నీ పక్కన పెట్టి, కంప్యూటర్ నెమ్మదించిన సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. డిస్కు 100 శాతం దగ్గర నిలిచిపోయి, అది హార్డ్ డిస్కే అయితే, ఎస్‌ఎస్‌డీ వేయడం కన్నా మంచి వైద్యం లేదు. హార్డ్ డిస్కు చెదురుమదురుగా ఉన్న డేటాను సెకనుకు వందసార్లు చదవడమే గొప్ప, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ వేల సంఖ్యలో చదువుతుంది. మెమరీ 90 శాతం పైనే ఉంటుంటే ర్యామ్ పెంచాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, చిన్న ఎస్‌ఎస్‌డీలు బిగించే ఎం.2 స్లాట్ కొన్నిట్లో సాటా రకాన్నే తీసుకుంటుంది, కొన్నిట్లో ఎన్‌వీఎంఈ అనే వేరే రకాన్నే. మోడల్ నంబర్‌తో చూసుకున్నాకే కొనండి. సీపీయూ నిండి ఉంటే ఏ ప్రోగ్రామ్ తింటోందో ఆ లిస్టులోనే పేరు కనిపిస్తుంది.

మెసేజ్ చూసి ఇప్పటికే మార్పులు చేసినవాళ్లు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ రెండు టిక్‌లూ తీసేసి రీస్టార్ట్ చేయండి. క్లీనర్లను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ప్రీఫెచ్‌ను ముట్టుకోకండి, విండోస్ దాన్ని మళ్లీ నింపుకుంటుంది. రెడీబూస్ట్ పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేసి తీసేయొచ్చు, అసలు డేటా డిస్కులోనే ఉంది.