హోమర్‌ను బోధించే హక్కు ఎవరిది?

క్రీ.శ. 362లో, క్రైస్తవం వదిలి పాత గ్రీకు దేవతలను కొలిచిన రోమన్ చక్రవర్తి జూలియన్ ఉపాధ్యాయుల మీద ఒక శాసనం తెచ్చాడు. టీచర్‌కు ముందుగా ఉండాల్సింది మంచి నడవడి అని అందులో ఉంది. అసలు ఉద్దేశం ఆయన లేఖలో బయటపడింది. దేవతలను నమ్మనివాడు ఆ దేవతలను కొలిచిన ప్రాచీన గ్రీకు కవులు హోమర్, హెసియడ్‌ల కావ్యాలను జీతానికి బోధించడం నిజాయితీ కాదనీ, అలాంటివాళ్లు చర్చికి వెళ్లి మత్తయి, లూకా సువార్తలు చెప్పుకోవచ్చనీ రాశాడు. క్రైస్తవుల పిల్లలు మాత్రం బడికి రావచ్చన్నాడు.

ఆశ్చర్యం ఏమిటంటే, నూటయాభై ఏళ్ల ముందే దాదాపు ఇదే మాట చర్చి లోపలి నుంచి వచ్చింది. ఏథెన్స్‌కూ యెరూషలేంకూ, అంటే గ్రీకు విద్యకూ క్రైస్తవ విశ్వాసానికీ, ఏం సంబంధమని ప్రశ్నించిన కార్తేజ్ క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్, విశ్వాసి ఆ సాహిత్యం చదువుకోవచ్చు గానీ బోధించకూడదన్నాడు. పాఠం చెప్పేవాడు ఆ దేవతలను పొగిడినట్టే అవుతుందని ఆయన భయం. జూలియన్, టెర్టుల్లియన్‌లవి పూర్తిగా వ్యతిరేక పక్షాలు, కానీ ఇద్దరూ కథ చెప్పడాన్నీ పూజ చేయడాన్నీ ఒకే గాటన కట్టారు. నా దృష్టిలో ఇద్దరిదీ పొరపాటే. హోమర్ దేవతల కథలను తప్పుపట్టిన ప్లేటో కంటే గ్రీకు విద్యకు సొంతవాడు ఎవరున్నారు?

జూలియన్ దెబ్బ గట్టిగానే తగిలింది. ఏథెన్స్‌లో ప్రొహెరీసియస్, రోమ్‌లో విక్టోరినస్ అనే క్రైస్తవ ఉపాధ్యాయులు ఉద్యోగాలు వదులుకున్నారు. జూలియన్‌లాగే ఏథెన్స్‌లో చదివిన క్రైస్తవ వేదాంతి, నజియాంజస్ ఊరి గ్రెగరీ మాత్రం మండిపడ్డాడు. సిరిసంపదలు వదిలేశాను, విద్యను వదలను అన్నాడు. గ్రీకు భాష ఆ దేవతలను కొలిచేవాళ్ల సొత్తా అని నిలదీశాడు. పాత దేవతలనే కొలిచిన చరిత్రకారుడు అమ్మియానస్ కూడా ఈ నిషేధాన్ని తప్పుపట్టాడు. తన ఆరాధ్య చక్రవర్తినే అలా విమర్శించడానికి చాలా నిజాయితీ కావాలి. 363లో జూలియన్ పర్షియా యుద్ధంలో చనిపోయాడు, మరుసటి ఏడాది నిషేధం పోయింది. గ్రెగరీ మిత్రుడు, క్రైస్తవ వేదాంతి బేసిల్, తేనెటీగ పూలను ఎంచుకున్నట్టు ఆ గ్రంథాల్లో మంచిని ఏరుకోమని యువకులకు చెప్పాడు.

ఆరో శతాబ్దానికి అధికారం పూర్తిగా క్రైస్తవులది. పాత దేవతలను కొలిచేవాళ్లు పాఠాలు చెబితే విద్యార్థుల ఆత్మలు చెడిపోతాయని జస్టీనియన్ చక్రవర్తి చట్టం చేశాడు. 529లో ఏథెన్స్‌లో తత్వశాస్త్ర బోధన ఆగింది. డమాస్కియస్, సింప్లీషియస్ సహా ఏడుగురు తత్వవేత్తలు పర్షియా రాజు ఖుస్రో దగ్గరికి వెళ్లిపోయారు. గ్రెగరీ తన కోసం అడిగిన హక్కు డమాస్కియస్‌కూ ఉండాల్సింది. ఆ వాదనను గర్వంగా చెప్పుకునే చర్చి చరిత్ర ఈ చట్టాన్ని కూడా అంతే స్పష్టంగా చెప్పాలి.