అమ్మమ్మ ‘తప్పుగా’ రాజేసిన మంట

మొన్న అమెరికాలోని మన మిన్నెసోటా తెలుగువాళ్ళ సంక్రాంతి సంబరాల్లో పిల్లల ప్రసంగాల పోటీ మీరంతా చూసే ఉంటారు. మా చిన్నది వేదికెక్కి, ‘తెల్లారకముందే లేచి మా అమ్మమ్మ భోగిమంట రాజేసింది’ అంది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకు అందుకుని, ‘రాజేయడం పల్లెటూరి మాటమ్మా, వేదిక మీద ప్రజ్వలింపజేసింది అనాలి’ అని దిద్దారు. అక్కడితో ఆగినా సరిపోయేది. ‘ఇంగ్లీషు ఇగ్నైట్ కూడా మన అగ్నిలోంచి పుట్టిందే’ అని ఒక ముక్తాయింపు. అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను.

కారెక్కగానే చిన్నది, ‘అమ్మమ్మా, నువ్వు తప్పుగా రాజేశావట’ అంది. మా అమ్మ నవ్వేసి ఊరుకుంది. నాకే నిద్ర పట్టలేదు.

ఇగ్నైట్ వచ్చింది లాటిన్ ‘ఇగ్నిస్’ నుంచి. ఇగ్నిస్, అగ్ని ఒక తాత మనవలే గానీ తండ్రీకొడుకులు కారు. పోనీ అది వదిలేయండి. అసలు ఇంగ్లీషువాళ్ళు మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఇగ్నైట్ అంటారా?

ఆ భోగి పొద్దున మా మిన్నెసోటా పెరట్లో మోకాలి లోతు మంచు. కట్టెలు చెమ్మగిల్లి మంట అందుకోవడం లేదు. మా పక్కింటి పెద్దాయన, తాతల కాలంలో స్వీడన్ నుంచి వచ్చిన కుటుంబం, సన్నటి పుల్లలు తెచ్చి ‘కిండ్లింగ్’ అన్నాడు. మా అమ్మ చూసి ‘చితుకులు’ అంది. ఆయన తన దగ్గరున్న డబ్బాలోని నూనె పోయబోతే చేత్తో వారించి, కొబ్బరి పీచులో కర్పూరం పెట్టి, గిఫ్టు కాగితం చుట్టొచ్చిన అట్ట గొట్టంతో ఊదింది. రాజుకుంది. మా నాయనమ్మ దీన్ని ‘టెండా’ అనేది అన్నాడాయన.

నిద్రపట్టని ఆ రాత్రి నిఘంటువు తెరిస్తే ఆ నాయనమ్మ మాటే ఎదురైంది. పాత ఇంగ్లీషులో నిప్పంటించడం ‘ఒంటెండన్’. స్వీడిష్ ‘టెండా’కీ, జర్మన్ ‘త్సుండెన్’కీ అది అక్కచెల్లెలు. ఆ క్రియ వాడుకలోంచి పోయినా, మన కొబ్బరి పీచులాంటిదానికి ‘టిండర్’ అన్న పేరు మిగిలింది. కిండిల్ స్కాండినేవియా నుంచి దండెత్తి వచ్చిన వైకింగుల వెంట వచ్చిన మాట. ఐస్‌లాండ్‌లో ‘కిండా’ అంటే ఇప్పటికీ నిప్పు రాజేయడమే. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండును గెలిచాక కొలువులో ఫ్రెంచి కూర్చుంది. ఫ్లేమ్, ఫ్యూయెల్ అలా చేరాయి. పొయ్యి దగ్గర మాత్రం ఫైర్, హార్త్, ఎంబర్, స్పార్క్ కదల్లేదు. (మా పెద్దదానికి కిండిల్ అంటే 2007లో వచ్చిన చదువుకునే పలక. టిండర్ అనే డేటింగ్ యాప్ అంటే ఏమిటో నాకు చెప్పదు.)

సంస్కృతం మీద నాకు కక్షేమీ లేదు. ‘జ్యోతి ప్రజ్వలన’ అని ఆహ్వానపత్రికలో చూస్తే నాకూ ముచ్చటే. అసలు తప్పు మా ఇంట్లోనే ఉంది. ‘దేవుడి దగ్గర దీపం లైట్ చెయ్యి’ అని పిల్లలకు రోజూ చెప్పేది నేనే. కానీ ప్రజ్వలన అన్నాక అక్కడ మంట తప్ప ఇంకేమీ కనిపించదు. రాజేయడంలో చితుకులున్నాయి, ఊదడం ఉంది, పొగకు కళ్ళు మండటం ఉంది. పొయ్యి రాజేస్తాం, చుట్ట ముట్టిస్తాం, మతాబు అంటిస్తాం, దీపం వెలిగిస్తాం, కట్టెలు ఎగదోస్తాం. ఆ దీపం ఆరిందని నోటితో అనలేక కొండెక్కింది అంటాం. ఇన్ని మాటలూ తీసి పక్కనపెట్టి పిల్లలకు ఒక్క ప్రజ్వలన చేతికిస్తే ఎలా?

ఉగాది పోటీలకు నియమాలు రాస్తున్న కమిటీవారూ, హాల్లో నిప్పు కూడదు కాబట్టి వేదిక మీద ఎలాగూ బ్యాటరీ దీపమే. దానికి ప్రజ్వలన అనే రాసుకోండి. పిల్ల రాజేసింది అంటే మాత్రం మార్కు కొయ్యకండి. మా అమ్మ ఉగాది దాకా ఇక్కడే ఉంటుంది. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర ఇంకో కుర్చీ వేయించండి, అట్ట గొట్టం ఆవిడే తెచ్చుకుంటుంది.