సీనియర్ పాఠం చెప్పకూడదు: దూరవిద్యలో తోటి విద్యార్థుల తోడ్పాటు ఎలా ఉండాలి?

దూరవిద్యలో మొదటి ఏడాదే చదువు ఆపేసేవాళ్లలో చాలామంది ఫెయిలై ఆపరు. మొదటి అసైన్‌మెంట్ గడువు దాటిపోతుంది. తర్వాత పోర్టల్‌లోకి లాగిన్ కావడం మానేస్తారు. పరీక్ష ఫీజు కట్టరు. ఇంత జరిగినా ఎక్కడా "నాకు అర్థం కావడం లేదు" అని నోరు విప్పరు, ఎందుకంటే ఆ మాట చెప్పుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. తను ఒక్కడే వెనకబడ్డానని అనుకుంటాడు తప్ప, అదే యూనిట్ దగ్గర తోటివాళ్లూ ఆగిపోయారని అతనికి తెలిసే దారే లేదు.

ఈ లోటును సీనియర్ల సాయంతో పూడ్చాలనుకోవడం సరైన ఆలోచనే. చేసే తీరులోనే చిక్కుంది. చాలాచోట్ల ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టి, ఇద్దరు సీనియర్లను అడ్మిన్లను చేసి, "సందేహాలుంటే అడగండి" అని వదిలేస్తారు. నెల తిరిగేసరికి అందులో గడువు తేదీలు, పాత అసైన్‌మెంట్ల పీడీఎఫ్‌లు తప్ప ఇంకేమీ ఉండవు. మొదటిసారి చదువుతున్న మనిషి రెండు వందల మంది చూసే చోట తన అయోమయాన్ని బయటపెట్టుకోడు. అడగడానికి ముందు ఏది అర్థం కాలేదో తెలియాలి. మొదటి ఏడాదిలో తెలియనిది సరిగ్గా అదే.

ఇందుకు నిలదొక్కుకున్న పద్ధతి ఒకటి ఉంది. 1973లో అమెరికాలో, మిస్సోరీ విశ్వవిద్యాలయపు కాన్సాస్ సిటీ ప్రాంగణంలో డియానా మార్టిన్ 'సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్' (క్లాసుకు అదనంగా సీనియర్లు నడిపే సెషన్లు) మొదలుపెట్టారు. అదే ఆస్ట్రేలియాలో 'పాస్' (పీర్ అసిస్టెడ్ స్టడీ సెషన్స్) పేరుతో నడుస్తోంది. దాని మూలసూత్రం ఒక్కటే: వెనకబడిన విద్యార్థిని వెతకొద్దు, కష్టమైన సబ్జెక్టును వెతకండి. నూటికి 30 మందికి పైగా తప్పుతున్న, అత్తెసరు మార్కులతో గట్టెక్కుతున్న, లేదా మధ్యలో వదిలేస్తున్న సబ్జెక్టును ఎంచుకుని, అందులో చేరిన అందరికీ సెషన్లు పెడతారు. బాగా చదివేవాళ్లూ వస్తారు కాబట్టి వచ్చినవాళ్లకు 'మొద్దు' అన్న ముద్ర పడదు. "మీ మార్కులు తక్కువగా ఉన్నాయి, సాయం తీసుకోండి" అని మెయిల్ పంపితే, సాయం ఎక్కువ అవసరమున్నవాళ్లే ముందు ముఖం చాటేస్తారు.

సెషన్ నడిపే సీనియర్ ఆ సబ్జెక్టు మంచి మార్కులతో దాటినవాడై ఉండాలి, కానీ పాఠం చెప్పకూడదు. ఈ నియమం దగ్గరే ఎక్కువ కార్యక్రమాలు చెడిపోతాయి. ప్రశ్న రాగానే జవాబు చెప్పడం సీనియర్‌కు సులువు, విన్నవాళ్లకు హాయి. ఆ హాయి మాత్రం పరీక్ష హాల్లో పనికిరాదు.

స్టాటిస్టిక్స్ సెషన్‌నే తీసుకుందాం. మార్కుల్లాంటి అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత వేరియన్స్; ఎన్ అంటే ఆ అంకెల సంఖ్య. "వేరియన్స్‌కి ఎన్‌తో భాగించాలా, ఎన్ మైనస్ వన్‌తోనా?" అని ఒకరు అడుగుతారు. జవాబు ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. శిక్షణ పొందిన సీనియర్ అలా చెప్పడు. "రెండు సూత్రాలూ పుస్తకంలో ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. ఆ పక్కనున్న లెక్కల్లో డేటా ఎవరి నుంచి తీసుకున్నారు?" అంటాడు. ఒకదాంట్లో క్లాసులోని అందరి మార్కులూ ఉన్నాయని, రెండోదాంట్లో కొందరివే తీసుకుని మొత్తం గురించి అంచనా వేస్తున్నారని ఎవరో ఒకరు పట్టుకుంటారు. అప్పుడు "శాంపిల్‌లో సగటు కూడా ఆ కొద్దిమంది నుంచే లెక్కగట్టాం కదా, దానివల్ల సగటు నుంచి తేడాలు అసలుకన్నా ఎక్కువగా కనిపిస్తాయా, తక్కువగానా?" అన్నది తర్వాతి ప్రశ్న. పది నిమిషాలు పడుతుంది. తక్కువగా కనిపిస్తాయని, ఆ తరుగు సర్దడానికే చిన్న సంఖ్యతో భాగిస్తున్నామని తేలాక, ఆ సూత్రాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు. పుస్తకంలో జవాబు వెతుక్కోవడమూ అలవాటవుతుంది. దూరవిద్యలో లెక్చరర్ బదులు పుస్తకమే ఉంటుంది కాబట్టి, ఆ అలవాటు ఈ సబ్జెక్టు దాటాక కూడా పనికొస్తుంది.

ఆన్‌లైన్‌లో ఇది ఇంకొంచెం కష్టం. ప్రశ్న వేశాక నిశ్శబ్దం వస్తే, సీనియర్ కంగారుపడి తనే జవాబు చెప్పేస్తాడు. మ్యూట్ తీయడానికే కొన్ని క్షణాలు పడుతుంది. మనసులో పది లెక్కపెట్టుకుని ఆగాలి, తర్వాత "చాట్‌లో ఒక్క మాట రాయండి చాలు" అనాలి. ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉంటే సెషన్ బాగా నడుస్తుంది. అంతకు మించితే ముగ్గురు నలుగురిని ఒక్కో బ్రేకవుట్ గదిలో (అదే ఆన్‌లైన్ మీటింగ్‌లో విడిగా మాట్లాడుకునే చోటు) వేయాలి, ఒక్కో గదికి ఒకే లెక్క ఇవ్వాలి. గంట సెషన్‌లో మొదటి ఐదు నిమిషాలు ఆడియో సర్దుకోవడానికే పోతాయి, వాటిని ముందే లెక్కలో వేసుకోవాలి. రికార్డింగ్ వద్దు. రికార్డవుతోందని తెలిస్తే తప్పు జవాబు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. రాలేకపోయినవాళ్ల కోసం చేసిన లెక్కలను ఒక పేజీగా రాసి పెడితే చాలు.

దూరవిద్యలో చేరేవాళ్లలో ఉద్యోగాలు చేసేవాళ్లు, పిల్లల్ని పెంచేవాళ్లు ఉంటారు. నలభై దాటినవాళ్లూ ఉంటారు. సెషన్ నడిపే కుర్రాడికి ఇరవై రెండేళ్లే ఉండొచ్చు. 'మీరు' అనడం ఒక్కటే సరిపోదు, వాళ్ల వేళలకు తగ్గట్టు సెషన్ పెట్టడమే అసలు మర్యాద. ఒకే సెషన్‌ను వారంలో రెండుసార్లు, ఒకటి రాత్రి, ఒకటి సెలవురోజు పొద్దున పెట్టాలి. మొదలుపెట్టడం మాత్రం రెండో వారానికల్లా జరగాలి. మొదటి అసైన్‌మెంట్ గడువు దాటాక మొదలైన తోడ్పాటు, అప్పటికే వెళ్లిపోయినవాళ్లకు అందదు.

అసైన్‌మెంట్ విషయంలో గీత ముందే గీయాలి. మార్కులు పడే ప్రశ్నను సెషన్‌లో ముట్టుకోకూడదు, అదే తరహాలో వేరే ప్రశ్న తీసుకోవాలి. ఇంకా సమర్పించని జవాబును సీనియర్ చదవకూడదు. ఈ రెండూ రాతపూర్వకంగా లేకపోతే, కాపీ ఆరోపణ వచ్చిన రోజు నష్టపోయేది సీనియరే. ఫీజు, సర్టిఫికెట్లు, ఇంటి కష్టాలు, కుంగుబాటు లాంటివి వచ్చినప్పుడు ఎవరికి అప్పగించాలో ఒక పేజీలో అతని చేతికివ్వాలి. అర్ధరాత్రి ఏడుస్తూ వచ్చిన ఫోన్‌ను ఒంటరిగా మోయమని ఒక విద్యార్థిని అడగడం అన్యాయం.

ముందుగా రెండు రోజుల శిక్షణ, అందులో ఒక నమూనా సెషన్ ఉండాలి. తర్వాత వారానికి అరగంట అధ్యాపకుడితో సమావేశం జరగాలి. సీనియర్‌కు డబ్బు ఇవ్వాలి, సెషన్ గంటకే కాదు, సిద్ధమయ్యే గంటలకూ. స్వచ్ఛంద సేవ పేరుతో నడిపిస్తే, సొంత పరీక్షలు దగ్గరపడగానే మంచివాళ్లే ముందు తప్పుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఫలితాలు కొలిచేటప్పుడు "సెషన్లకు వచ్చినవాళ్లకు ఎక్కువ మార్కులొచ్చాయి" అని నివేదిక రాయడం తేలిక. పట్టుదల ఉన్నవాళ్లే వస్తారు కాబట్టి ఆ లెక్క ఒక్కటే చాలదు. చేరేనాటికి ఒకే స్థాయి మార్కులున్నవాళ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. అంతకన్నా ముందు, ఆ సబ్జెక్టులో చేరిన అందరిలో మొదటి అసైన్‌మెంట్ సమర్పించినవాళ్లు, పరీక్షకు కూర్చున్నవాళ్లు ఎంతమందో గత ఏడాదితో పోల్చాలి. సెషన్లకు ఒక్కసారీ రానివాళ్లకు ఫోన్ చేసి కారణం అడగాలి. ఎక్కువమంది వేళ కుదరలేదంటే వేళ మార్చాలి, ఇలాంటివి ఉన్నాయనే తెలియదంటే అడ్మిషన్ రోజునే చెప్పాలి.