నార బలం ఆక్సిజన్ చేతిలో ఉంది

పాలికార్బోసిలేన్ (సిలికాన్, కార్బన్ గొలుసులతో ఉండే పాలిమర్) నుంచి తయారైన సిలికాన్ కార్బైడ్ నారలు, అంటే సిరామిక్ దారాలు, ఎంత వేడికైనా చెక్కుచెదరవని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు; ఈ మాట అన్ని నారలకూ వర్తించదు. 1975లో జపాన్‌లో శాస్త్రవేత్త యజిమా బృందం చూపిన పద్ధతిలో, పాలిమర్ దారాలు కొలిమిలో కరిగి ఒకదానికొకటి అంటుకోకుండా ముందుగా గాలిలో వేడిచేసి గట్టిపరిచేవారు. అప్పుడు లోపలికి చేరిన ఆక్సిజన్ సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ దాటాక కార్బన్ మోనాక్సైడ్, సిలికాన్ మోనాక్సైడ్ వాయువులుగా బయటికి పోతుంది. దాంతో నారలోని సూక్ష్మ స్ఫటికాలు పెరిగి ముతకబారి నార బలం పడిపోతుంది. నల్లగొండ దగ్గర మా ఊరి కుమ్మరి ఆవంలో, సరిగా ఆరని కుండ అడుగు ఫెళ్ళున పగలడం చిన్నప్పుడు చూశాను. అక్కడ దారి వెతుక్కునేది నీటి ఆవిరి. పోలిక అంతవరకే, ఎందుకంటే నార అలా పగలదు, లోలోపల గుల్లబారుతుంది. గాలికి బదులు ఎలక్ట్రాన్ కిరణాలతో గట్టిపరిచిన తరువాతి తరం నారలలో ఆక్సిజన్ బాగా తక్కువ కాబట్టి అవి మరింత వేడిని ఓర్చుకుంటాయి. నైట్రోజన్ ఉన్న రకాలకు మరో హద్దు ఉంది: ఒక వాతావరణ పీడనం గల నైట్రోజన్‌లో దాదాపు 1484 డిగ్రీల పైన సిలికాన్ నైట్రైడ్ కార్బన్‌తో చర్య జరిపి, నైట్రోజన్‌ను వదిలి సిలికాన్ కార్బైడ్‌గా మారుతుంది. బోరాన్ కలిపితే ఈ హద్దు పైకి జరుగుతుంది. వేడి గురించి చెప్పేటప్పుడు అది గాలిలోనా, జడవాయువులోనా అన్నది కూడా ఆ వ్యాసంలో రాసి ఉండవలసింది.