వేలిగోరంత ఉన్నప్పుడే తేలిపోయే లెక్క

సముద్రపు ఒడ్డున దొరికిన ఆల్చిప్పను తిప్పి చూస్తే ఒక్కోసారి పైభాగంలో, కీలుకు దగ్గరగా చిన్న రంధ్రం కనిపిస్తుంది. డ్రిల్లింగ్ మిషన్‌తో వేసినట్టు గుండ్రంగా ఉంటుంది. బయట వెడల్పు, లోపలికి పోయేకొద్దీ సన్నం. దండ గుచ్చుకోవడానికి బాగుందని పిల్లలు ఏరుకుంటారు. నిజానికి అది హత్య జరిగిన ఆనవాలు. మూన్ స్నెయిల్ అనే నత్త ఇసుక అడుగున వెతుక్కుంటూ వచ్చి, ఆల్చిప్పను తన పాదంతో చుట్టేస్తుంది. ఆమ్లం లాంటి స్రావంతో పెంకును మెత్తబరుస్తూ, నాలుక మీది పళ్లతో గీకుతూ గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి తొలుస్తుంది. లోపలి మాంసం తినేసి వెళ్లిపోతుంది.

ఇసుకలో, బురదలో దూరి బతికే ఆల్చిప్పలను ఇంగ్లీషులో క్లామ్ అంటారు, మనమూ అలాగే అందాం. సహజంగా పెరిగే ఈ క్లామ్‌లు తగ్గిపోతున్నాయని వార్త వస్తే చాలు, చర్చ అంతా వేట చుట్టూనే తిరుగుతుంది. ఎక్కువ తవ్వేశారు, ఇంత సైజు దాటాకే తీయాలన్న నిబంధన పాటించలేదు, రెండేళ్లు వేట మూసేస్తే సర్దుకుంటుంది అంటారు. వేట తప్పేమీ లేదని నేను అనను. కానీ ఈ జీవి భవిష్యత్తు ఎక్కువ భాగం అది మనిషి గంపలో పడేంత పెద్దది కాకముందే, వేలిగోరంత ఉన్నప్పుడే తేలిపోతుంది. మన నిబంధనలు, మన సర్వేలు చూసేది మాత్రం ఆ తర్వాతి వయసును.

మొదట గుడ్ల లెక్క చూడండి. హార్డ్ క్లామ్ అనే గట్టి పెంకు రకంలో తల్లి ఒక సీజన్‌లో లక్షల నుంచి కోట్ల దాకా గుడ్లు నీటిలోకి వదులుతుంది. ఫలదీకరణ కూడా నీటిలోనే. పుట్టిన లార్వా, అంటే తొలి దశ పిల్ల, ఒకటి నుంచి మూడు వారాలు ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు కొట్టుకుపోయి, మిల్లీమీటరులో ఐదో వంతు సైజులో అడుగుకు దిగుతుంది. ఒక జంట జీవితకాలంలో కోటి గుడ్లు పెట్టిందనుకుంటే, సంఖ్య పెరగకుండా తరగకుండా ఉండటానికి వాటిలో రెండు పెద్దవైతే చాలు. మూడు బతికితే ఒక్క తరంలో జనాభా సగం పెరుగుతుంది, ఒక్కటే బతికితే సగానికి పడిపోతుంది. కోటిలో ఒక్కటి అటూ ఇటూ కావడం ఏ పరికరంతోనూ కొలవలేనంత చిన్న తేడా. క్లామ్‌ల సంఖ్య ఏటా ఎందుకంత ఎగుడుదిగుడుగా ఉంటుందో అడిగేవాళ్లకు ఈ లెక్క ఒక్కటి చెబితే సగం జవాబు అయిపోతుంది.

అడుగుకు దిగాక మొదలయ్యేది పరుగు పందెం. కాళ్లు లేని జీవికి పరుగేమిటంటారా? పెరగడమే దాని పరుగు. చిటికెనవేలి గోరంత పిల్లను పీత రెండు వేళ్ల మధ్య వేరుశనక్కాయలా చిదిమేస్తుంది. అదే పిల్ల అంగుళంన్నర సైజుకు వచ్చి పెంకు మందమైతే అదే పీత కాసేపు దొర్లించి చూసి వదిలేస్తుంది. సైజు పెరిగేకొద్దీ లోతూ పెరుగుతుంది, ఎందుకంటే తిండి కోసం నీటిని పీల్చి వదిలే గొట్టాలు ఎంత పొడవుంటే అంత లోతులో దాక్కోవచ్చు. పసిఫిక్ తీరంలోని జియోడక్ అనే క్లామ్ ఈ విద్యలో ఆరితేరింది. దాదాపు మీటరు లోతున కూర్చుని గొట్టం మాత్రం పైకి పెడుతుంది. ఆ లోతు దాకా చేరినదాన్ని తవ్వి తినగలిగే శత్రువులు చాలా తక్కువ, అందుకే వందేళ్లు దాటి బతికేవి ఉన్నాయి. కాబట్టి పెరుగుదల, మనుగడ అని రెండు వేర్వేరు అధ్యాయాలు రాయడం నాకు నచ్చదు. నెమ్మదిగా పెరగడం అంటే ప్రమాదకరమైన వయసులో ఎక్కువ రోజులు గడపడం.

ఇందులో ఒక మెలిక కూడా ఉంది. దగ్గర్లో పీత ఉందని నీటిలోని వాసన బట్టి పసిగట్టిన క్లామ్ గొట్టాలు లోపలికి లాక్కుని తిండి ఆపేస్తుంది. ఆ పూటకు ప్రాణం దక్కుతుంది, పెరుగుదల మాత్రం ఆగుతుంది. చేపలు గొట్టాల కొసలు కొరుక్కుపోతే చావదు, మళ్లీ మొలిపించుకుంటుంది. కానీ ఆ శక్తి పెంకుకు పెట్టాల్సింది. పైగా గొట్టం పొట్టిదైతే మళ్లీ పైకి, అంటే ప్రమాదానికి దగ్గరగా జరగాల్సి వస్తుంది. శత్రువు తిన్న వాటినే లెక్కపెడితే నష్టంలో ఒక భాగమే తెలుస్తుంది.

ఒకే జాతి, ఒకే తీరం అయినా పెరుగుదల ఒకేలా ఉండదు. ఆటుపోట్ల మధ్య నేలలో పైభాగాన ఉన్నవాటికి నీరు కప్పి ఉండే గంటలు తక్కువ, అంటే తిండి తినే గంటలూ తక్కువే. కింద ఉన్నవి త్వరగా పెరుగుతాయి. మరీ దట్టంగా ఉంటే పక్కవాళ్లతో ఆహారం పంచుకోవాలి. చలికాలం ఎక్కువగా ఉండే చోట ఏడాదిలో పెరిగే నెలలే కొన్ని. అందుకే అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో సాఫ్ట్‌షెల్ క్లామ్‌కు 2 అంగుళాలని కనీస సైజు పెట్టినా, దాన్ని చేరడానికి పట్టే కాలం తీరం పొడవునా ఒకటి కాదు. వెచ్చటి చోట రెండు మూడేళ్లలో చేరేది, చల్లటి చోట అంతకు రెట్టింపు తీసుకోవచ్చు. రూలు ఒకటే, అది ఇచ్చే రక్షణ మాత్రం వేరు.

వయసును పెంకు మీది గీతలు బట్టి చెబుతారు. పెంకును నిలువుగా కోసి, నునుపు చేసి, మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మానులో లాగా వలయాలు కనిపిస్తాయి. 2006లో ఐస్‌ల్యాండ్ దగ్గర తీసిన ఓషన్ క్వాహాగ్ అనే రకం క్లామ్ ఒకదానికి మొదట 405 ఏళ్లని లెక్కకట్టారు. 2013లో జాగ్రత్తగా మళ్లీ చూస్తే 507 అని తేలింది. అంటే పుట్టింది 1499లో. మింగ్ అని పేరు పెట్టారు, చైనాలో అప్పటికి నడుస్తున్న రాజవంశం పేరు అది. (ఐదు వందల ఏళ్లు బతికి, చివరికి పడవలోని ఫ్రీజర్‌లో పోయింది పాపం.) ఇలాంటి లెక్కలు ముచ్చటగానే ఉంటాయి, కానీ వలయాలు చదవగలిగేది బతికి బయటపడ్డ వాటిలోనే. చిన్నప్పుడే చితికిపోయినవి సాక్ష్యం చెప్పవు. శత్రువులు నెమ్మదిగా పెరిగేవాటిని ముందే ఏరేస్తే, మిగిలిన పెంకులు చూసి ఇక్కడ పెరుగుదల బ్రహ్మాండం అనుకుంటాం. వేట ఎక్కువ ఉన్న చోట దీనికి తలకిందులు. త్వరగా పెరిగినవి ముందుగా సైజుకు వచ్చి గంపలో పడతాయి, ముసలివాటిలో మిగిలేవన్నీ బద్ధకపు బాపతు. పెంకు అబద్ధం చెప్పదు, మనం అడిగిన సాక్షే సరైనది కాదు.

న్యూయార్క్ రాష్ట్రంలో లాంగ్ ఐలాండ్‌ను ఆనుకుని ఉన్న గ్రేట్ సౌత్ బే కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1970లలో అమెరికా హార్డ్ క్లామ్‌లలో సగానికి పైగా అక్కడి నుంచే వచ్చేవి. విపరీతంగా తవ్వారు, దిగుబడి కూలింది. తర్వాతి దశాబ్దాల్లో వేట తగ్గినా క్లామ్‌లు తిరిగి రాలేదు. 1985లో బ్రౌన్ టైడ్ అనే నాచు విరగబూసి, ఆ తర్వాతా మళ్లీ మళ్లీ వచ్చింది. అది క్లామ్ తిండిని పాడుచేస్తుంది, లార్వాలను, పిల్లలను ఎదగనివ్వదు. అసలే పలచబడిన జనాభాలో ఆడా మగా దూరదూరంగా ఉంటే నీటిలోకి వదిలిన గుడ్లకు వీర్యం తగిలే అవకాశం కూడా తక్కువ. 2000ల మొదట్లో నేచర్ కన్సర్వెన్సీ అనే పర్యావరణ సంస్థ అక్కడ దాదాపు 13 వేల ఎకరాల నీటి అడుగు నేలను చేతిలోకి తీసుకుని, పెద్ద క్లామ్‌లను తెచ్చి దగ్గర దగ్గరగా నాటింది. ఆలోచన సరైనదే, తల్లుల కొరత తీరుస్తుంది. కానీ పిల్లలు తిండి తీసుకోవాల్సిన నీరు బాగుపడకపోతే ఎన్ని గుడ్లు పెట్టించినా అది చిల్లికుండలో నీళ్లు పోయడమే.

వాతావరణం వేడెక్కడం కూడా ఈ చిన్న వయసు మీదే గట్టిగా దెబ్బ తీస్తోంది. యూరప్ నుంచి ఓడల్లో వచ్చిన గ్రీన్ క్రాబ్ అనే పీత అమెరికా ఈశాన్య తీరంలో స్థిరపడి చాలా కాలమైంది. గట్టి చలికాలాలు వాటిని అదుపులో ఉంచేవి. చలి తగ్గితే పీతలు పెరుగుతాయి, గోరంత క్లామ్‌లు తరుగుతాయి. నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే లార్వా తొలి పెంకు కట్టుకోవడమే కష్టమవుతుంది. పెద్దవీ తప్పించుకోలేదు. 1990ల చివరి నుంచి అమెరికా తూర్పు తీరంలో దక్షిణాన ఉన్న సర్ఫ్‌క్లామ్‌లు వేడికి పెద్ద ఎత్తున చచ్చాయి, జాతి మొత్తం మెల్లగా ఉత్తరానికి, లోతుకు జరుగుతోంది. దక్షిణాన మిగిలినవి మునుపటి సైజుకు పెరగడమూ లేదు.

మరి చేయాల్సిందేమిటి? మూసివేతలు, సైజు నిబంధనలు ఉండనివ్వండి, ఇసుక జల్లించే జల్లెడ మాత్రం మార్చాలి. మార్కెట్ సైజును లెక్కపెట్టడానికి వాడే జల్లెడ కన్నాల్లోంచి ఏడాది పిల్లలు జారిపోతాయి. ఒక మిల్లీమీటరు కన్నాలున్న జల్లెడతో అదే చోట వేసవి చివర ఒకసారి, చలికాలం దాటాక ఒకసారి తీయాలి. పక్కనే గజం స్థలంలో వల కప్పి అక్కడా తీయాలి. వల కింద పిల్లలు దండిగా ఉండి, బయట లేకపోతే సమస్య శత్రువులది, వేట ఆపి ప్రయోజనం లేదు. వల కిందా లేకపోతే సమస్య గుడ్లదో, లార్వాలదో, నీటిదో. పిల్లలు రెండు చోట్లా ఉండి పెద్దవి మాత్రమే లేకపోతే, అప్పుడు తవ్వేవాళ్లను పిలిచి మాట్లాడాలి.