పునర్విభజనలో ఓటరుకూ చోటివ్వాలి

నియోజకవర్గాల పునర్విభజనకు 84వ రాజ్యాంగ సవరణ వేసిన తాళం 2026 తర్వాతి తొలి జనగణనతో తెరుచుకుంటుంది. ఒడిశాకు ఎన్ని లోక్‌సభ సీట్లన్నదే ఎక్కడ చూసినా చర్చ. పర్లాకిమిడి, బరంపురం, రాయగడ తెలుగువారు అడగాల్సింది మాత్రం హద్దులు ఎవరు గీస్తారని.

2002 పునర్విభజన చట్టం ప్రకారం హద్దులు గీసే కమిషన్‌లో ముగ్గురే: సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నవారో చేసినవారో ఒకరు, ఎన్నికల సంఘం తరఫున ఒకరు, రాష్ట్ర ఎన్నికల కమిషనర్. వారికి తోడుగా అయిదుగురు ఎంపీలు, అయిదుగురు ఎమ్మెల్యేలు. ఈ పదిమందికి ఓటు లేదు, నిజమే. కానీ ఫలానా పంచాయతీని అటు కలపండి, ఈ బ్లాకును ఇటు ఉంచండి అని లోపల కూర్చుని చెప్పగలిగేది వారే. రేపు అదే మ్యాప్ మీద పోటీకి దిగేదీ వారే! ఓటరుకు ముసాయిదా వచ్చాక అర్జీ రాసుకోవడం, బహిరంగ విచారణలో మైకు దొరికితే మాట్లాడటం మిగిలాయి.

కాలిఫోర్నియా ఓటర్లు 2008లో అసెంబ్లీ స్థానాల హద్దుల పనిని శాసనసభ నుంచి లాక్కుని 14 మంది పౌరులకు అప్పగించారు. దరఖాస్తులు వడపోశాక ఎనిమిది మందిని లాటరీ తీస్తారు, మిగతా ఆరుగురిని వారే ఎంచుకుంటారు. 2010లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) స్థానాలూ వీరికే వచ్చాయి. అయితే 2025 నవంబరులో అక్కడి ఓటర్లే కాంగ్రెస్ స్థానాల వరకు ఆ కమిషన్ మ్యాప్‌ను తాత్కాలికంగా పక్కనపెట్టి శాసనసభ మ్యాప్‌కు ఒప్పుకున్నారు. పార్టీల పంతం ముందు పౌర కమిషన్ కూడా ఇంతేనా అనిపిస్తుంది. అయినా ఎమ్మెల్యేలే తమ ఓటర్లను ఏరుకునే పద్ధతి కంటే అదే నయం.

మన దగ్గర పర్లాకిమిడి అసెంబ్లీ స్థానం బరంపురం లోక్‌సభ కింద ఉంది. ఎంపీ ఆఫీసుకు వెళ్లాలంటే వంద కిలోమీటర్లకు పైనే. పాతపట్నం పక్కనే ఉన్నా అది వేరే రాష్ట్రం, దాన్ని మార్చమని మేము అడగడం లేదు. రాకపోకలు, ప్రజల సౌకర్యం చూడాలని చట్టమే చెబుతోంది. ఏ ఊరివాళ్లు ఏ బస్సెక్కి ఎక్కడికి పోతారో భువనేశ్వర్‌లో మ్యాప్ పరిచినవారికి తెలియదు. సరిహద్దు తెలుగు పల్లెలను రెండు ముక్కలు చేస్తే రెండు చోట్లా వారి ఓటుకు లెక్కుండదు. ఒడిశా, ఆంధ్ర రెండూ మావేనంటున్న కొటియా గ్రామాల్లో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ పట్టుకు తిరుగుతున్నవారిని చూస్తే చాలు, ఊరివాళ్లను అడగని హద్దు ఎంత తలనొప్పో తెలుస్తుంది.

పార్లమెంటు చట్టం మార్చేదాకా ఆగక్కర్లేదు. మునిసిపల్ వార్డుల విభజన రాష్ట్రం చేతిలోదే. పర్లాకిమిడి, రాయగడల్లో పార్టీ పదవులు లేనివారి నుంచి దరఖాస్తులు పిలిచి, లాటరీ తీసి, ఆ పని అప్పగించి చూడాలి. ముసాయిదాను ఒడియాతో పాటు తెలుగులోనూ వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. విచారణ ఆదివారం పెట్టాలి, కూలి పోకుండా రావచ్చు.