పెద్దల వేళకు బస్సు నడపండి

గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆస్పత్రిలో ఓపీ చూసేది ఉదయం పూట. కాకుమాను, ప్రత్తిపాడు మండలాల్లోని లోపలి ఊళ్ల నుంచి డెబ్బై ఏళ్ల మనిషి ఆ వేళకు చేరాలంటే చీకటితో లేచి అడ్డరోడ్డు దాకా నడవాలి. మోకాళ్లు సహకరించకపోతే ఆటో మాట్లాడుకోవాలి. నలుగురు కలిస్తే సర్వీసు ఆటో కదులుతుంది, ఒక్కరే అయితే రానుపోను బాడుగంతా ఆ ఒక్కరి మీదే పడుతుంది. ఆస్పత్రిలో మందులు ఉచితమే. అక్కడికి చేరడానికి పెట్టేదే అసలు వైద్యఖర్చు. అందుకే ఈ నెల చూపించుకోవాల్సిన వాళ్లు వచ్చే నెలకు వాయిదా వేస్తారు. ఈలోపు చక్కెర పెరుగుతుంది, కాలి పుండు ముదురుతుంది.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో మన పల్లెల అవ్వలు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్టు కొనకుండా తిరుగుతున్నారు. దీన్ని మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. అరవై దాటిన మగవారికి ఆర్టీసీ 25 శాతం రాయితీ ఇస్తోంది. కానీ బస్సే రాని ఊరికి ఉచితమూ, రాయితీ కూడా అక్కరకు రావు. వచ్చిన చోటైనా మొదటి మెట్టు ఎక్కడమే ఒక పరీక్ష. చేతికర్ర, మందుల సంచి, వెనక తోసుకొచ్చే జనం. ఎవరైనా రెక్క పట్టుకుని పైకి లాగితేనే ప్రయాణం. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 10 వేల విద్యుత్ బస్సుల పథకం నగరాల కోసం. దాని జాబితాలో విజయవాడ, గుంటూరు ఉన్నాయి, వాటి చుట్టూ ఉన్న పల్లెలు లేవు.

తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమానికి 2007లో వచ్చిన చట్టం ప్రభుత్వాస్పత్రుల్లో పెద్దలకు వేరే వరుస ఉండాలంటుంది. ఆ వరుస దాకా వాళ్లు ఎలా రావాలో చెప్పదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ముసలి దంపతులే మిగిలిన ఇళ్లు కృష్ణా, గుంటూరు సీమల్లో వీధికి ఎన్నో. డబ్బు పంపే కొడుకున్నా బండి మీద ఎక్కించుకుని వెళ్లే మనిషి లేడు.

ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాలను తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. అక్కడ మూత్రపిండాల జబ్బు ఎందరినో పీడిస్తోంది. డయాలసిస్ మొదలైతే వారానికి రెండు మూడుసార్లు వెళ్లి తీరాలి. నాలుగైదు గంటలు యంత్రం పక్కన పడుకుని లేచిన మనిషి తూలుతూ నడుస్తాడు. అతణ్ని తిరుగు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబెట్టడం ఏ ప్రభుత్వానికీ తగదు.

పింఛను సొమ్మును ఒకటో తారీఖున గడపకు చేర్చగలుగుతున్న యంత్రాంగానికి ఇది చేతకాని పని కాదు. రాత్రి ఊళ్లో నిద్రచేసి తెల్లవారుజామున బయలుదేరే నైట్ హాల్ట్ బస్సు పల్లెకు కొత్తది కాదు. అది నిలిచిపోయిన ఊళ్లన్నిటికీ దాన్ని తిరిగి వేయాలి, ఓపీ వేళకు ఆస్పత్రి గేటు దగ్గర దించాలి, మధ్యాహ్నం మళ్లీ అక్కడి నుంచే ఎక్కించుకోవాలి. పెద్ద బస్సు తిరగలేని దారుల్లో చిన్న బస్సు చాలు. అదీ కుదరని ఊళ్లలో స్థానిక ఆటోవాళ్లతో పంచాయతీ వారానికి రెండు రోజులు ఒప్పందం చేసుకుని, బాడుగను ప్రభుత్వమే భరించాలి. ఊరి ఆశా కార్యకర్తకు ఎవరు ఏ రోజు ఆస్పత్రికి వెళ్లాలో తెలుసు. ఆ పేర్ల పట్టీ డిపో మేనేజరు బల్ల మీదికి చేరాలి.

గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల కలెక్టర్లు ముందుగా ఒక్కొక్క మండలం ఎంచుకుని మొదలుపెట్టవచ్చు. ఎన్టీఆర్ జిల్లాలో ఆ మొదటి మండలం ఎ.కొండూరు కావాలని మా కోరిక.